పాత అమెరికన్ కార్లు ఫ్యాక్టరీ గేటు దాటిన నాడు

పాత అమెరికన్ కార్ల ప్రస్తావన వస్తే చాలు, ఆ రోజుల్లో బండిని బండిలా చేసేవారని, ఇప్పుడు వచ్చేవన్నీ రేకు డబ్బాలేనని అనేవారు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. రేకు మందం వరకూ ఆ మాట నిజమే. అయితే బరువు వేరు, పనితనం వేరు. 1950, 60 దశకాల్లో ఒక కొత్త కారు డీలరు దగ్గరకు చేరిన రోజున దాని తలుపులు ఎలా పడేవి, రంగు ఎంత సమంగా ఉండేది, వాన కురిస్తే లోపలికి నీరు కారేదా అన్న ప్రశ్నలకు మ్యూజియంలో మెరిసే బండ్లు జవాబు చెప్పలేవు; ఎందుకంటే వాటిలో చాలా భాగం ఆ తర్వాతి కాలంలో ఎవరో ఏళ్ల తరబడి ఓపికగా విప్పి, సరిచేసి, మళ్లీ బిగించినవి. ఈ ప్రశ్నలు మనసులో పెట్టుకునే గత వేసవిలో మిషిగన్ వెళ్లాను. నోవై ఊళ్లో ఉంటున్న మా పిన్ని కొడుకు కారు బాడీల కొలతలు సరిచూసే ఇంజనీరు. ట్రాయ్, నోవై, కాంటన్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లలో ఇలా కార్ల పరిశ్రమను నమ్ముకుని వచ్చినవారు చాలామందే ఉన్నారు. తలుపుకూ బాడీకీ మధ్య సందును కొలవడమే మా తమ్ముడికి రోజూ ఉండే పని కనుక, ఈ యాత్రకు అంతకన్నా తగిన తోడు నాకు దొరకదు.

మొదట చూసినది డెట్రాయిట్‌లోని ఫోర్డ్ పికెట్ అవెన్యూ ప్లాంటు. 1904లో కట్టిన మూడంతస్తుల ఇటుక భవనం అది. పొడవు 402 అడుగులు ఉన్నా వెడల్పు 56 అడుగులే. న్యూ ఇంగ్లండ్ బట్టల మిల్లుల పద్ధతిలో, రెండు వైపుల కిటికీల నుంచి పగటి వెలుతురు నడిమధ్య వరకూ పడేలా దాన్ని అలా సన్నగా కట్టారు. 1908లో ఫోర్డ్ మోడల్ టి కారు పుట్టినది ఈ చెక్క నేల మీదే. ఇక్కడ కదిలే అసెంబ్లీ లైను లేదు. బండి ఒకచోట నిలిచి ఉండేది, మనుషులు దాని చుట్టూ తిరిగి బిగించేవారు. 1913లో హైలాండ్ పార్క్ ప్లాంటులో లైను కదలడం మొదలైన తరువాతే, పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ (బండి కింది చట్రం) అసెంబ్లీ 93 నిమిషాలకు దిగింది.

అదే 1908లో, ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లండ్స్ రేసు మైదానంలో జరిగిన ఒక పరీక్ష గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అక్కడ మూడు సింగిల్ సిలిండర్ కాడిలాక్ బండ్లను పూర్తిగా విప్పి, భాగాలన్నీ కలగలిపి, కొన్నింటిని తీసేసి వాటి స్థానంలో డీలరు దగ్గరి విడిభాగాలు చేర్చి, మళ్లీ మూడు బండ్లుగా బిగించి, ఒక్కొక్కటి 500 మైళ్లు నడిపారు. మూడూ నెగ్గాయి, కాడిలాక్‌కు బ్రిటన్‌లోని రాయల్ ఆటోమొబైల్ క్లబ్ ఇచ్చే డ్యూవర్ ట్రోఫీ దక్కింది. కాడిలాక్ కంపెనీని నడిపిన హెన్రీ లీలండ్ స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలోను, బ్రౌన్ అండ్ షార్ప్ పనిముట్ల కంపెనీలోను పని నేర్చుకున్న మనిషి. అంటే ఇంజన్ భాగాలను అరగదీయకుండా, సుత్తితో కొట్టకుండా ఇమిడేలా చేయడం అమెరికన్లకు 1908 నాటికే చేతనైంది. మరి ఆ తరువాత అర్ధ శతాబ్దానికి కూడా తలుపులు సరిగా పడకపోవడం ఏమిటని తమ్ముణ్ణి అడిగాను.

“అన్నయ్యా, యంత్రం మీద కోసిన ఉక్కు చెప్పిన మాట వింటుంది, రేకు వినదు” అన్నాడు. ప్రెస్సు కింద నుంచి బయటకు రాగానే రేకు కొంత వెనక్కి వంగుతుంది. రేకును నొక్కే అచ్చు, అంటే డై, అరిగేకొద్దీ రేకు ఆకారం మారుతుంది. వెల్డింగ్ వేడికి మెలి తిరుగుతుంది. ఒక్కొక్క భాగంలో వచ్చిన ఆ కొద్దికొద్ది తేడాలన్నీ కలిసి చివరికి తలుపు అంచు దగ్గర కనిపిస్తాయి. ఇప్పుడు ప్రతి బాడీనీ లైను మీదే కెమెరాలు, లేజర్లు కొలుస్తున్నాయి. అప్పట్లో కొలిచేది మనిషి కన్ను. సరిచేసేది రబ్బరు సుత్తి, చెక్క దిమ్మ, మోకాలు.

అక్కడి నుంచి ఈస్ట్ గ్రాండ్ బూలెవార్డ్ మీదుగా వెళ్లాము. ఆల్బర్ట్ కాన్ రూపకల్పన చేసిన ప్యాకర్డ్ ఫ్యాక్టరీ ఉండిన చోటు అది. 2022లో దాన్ని కూల్చడం మొదలుపెట్టారు. ప్యాకర్డ్ ఒకప్పుడు అమెరికాలో పనితనానికి మారుపేరు. కానీ దాని బాడీలు చేసి ఇచ్చే బ్రిగ్స్ కంపెనీ ప్లాంట్లను 1953లో క్రైస్లర్ కొనేసింది. దాంతో ప్యాకర్డ్ బాడీలు సొంతంగా చేసుకోవలసి వచ్చి, కానర్ అవెన్యూలోని ఇరుకైన భవనంలోకి ఆ పనిని, తుది అసెంబ్లీని కలిపి మార్చింది. 1955 మోడళ్లలో వచ్చిన నాణ్యత చిక్కులు ఆ ఇరుకులోనే మొదలయ్యాయి. 1956లో డెట్రాయిట్‌లో ప్యాకర్డ్ ఉత్పత్తి ఆగిపోయింది. కొత్త డిజైను, కొత్త సస్పెన్షన్, కొత్త ఇంజన్, కొత్త భవనం అన్నీ ఒకే ఏడాది మీద పడితే ఎంత పేరున్న పనివాళ్లయినా తట్టుకోలేరు.

డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం గురించి రాయాలంటే వేరే వ్యాసమే కావాలి. మొదటి నంబరు మస్టాంగ్ దగ్గర, కెనడీ ప్రయాణించిన 1961 లింకన్ దగ్గర మాత్రం ఎక్కువ సేపు నిలిచాను. మ్యూజియం బస్సులో రూజ్ ఫ్యాక్టరీకి వెళ్లి, పై నడవ నుంచి ఎఫ్-150 ట్రక్కుల తుది అసెంబ్లీ చూశాము. 1964 మార్చిలో మస్టాంగ్ ఉత్పత్తి మొదలైనది ఈ ఆవరణలోనే. కింద లైను నెమ్మదిగా కదులుతుంటే, ఆ కాలంలో ఒక బాడీ ఎలా తయారయ్యేదో తమ్ముడు వివరించాడు. రేకులను కదలకుండా పట్టి ఉంచే జిగ్గుల్లో బిగించి వెల్డింగ్ చేశాక, పైకప్పూ వెనుక భాగమూ కలిసే అతుకులో కరిగించిన సీసం నింపి, మన టింకరింగ్ షెడ్డులో పుట్టీ పెట్టి రుద్దినట్టు ఆకురాయితో నున్నగా చేసేవారు. తరువాత ప్రైమరు, ఆపైన రంగు. జనరల్ మోటార్స్ లాకర్ అనే రకం రంగు వాడేది, ఫోర్డ్, క్రైస్లర్ ఎనామెల్ వాడేవి. చివరకు బాడీని ఛాసిస్ మీదకు దించి, రెండింటి మధ్య షిమ్‌లనే పలుచని రేకు బిళ్లలు ఎక్కడ ఎన్ని కావాలో అన్ని పెట్టి ఎత్తు సరిచేసేవారు. ఏ బిళ్ల ఎక్కడ పడుతుందన్నది ఆ పూట ఆ పనివాడి చేతిలో ఉండేది.

మరుసటి వారాంతంలో ఐ-94 మీద పడమరకు, ఆన్ ఆర్బర్, జాక్సన్, బ్యాటిల్ క్రీక్ దాటి, హికరీ కార్నర్స్‌లోని గిల్మోర్ కార్ మ్యూజియానికి బయలుదేరాము. దారి పొడుగునా 1957 గురించే మాట్లాడుకున్నాము. వర్జిల్ ఎక్స్‌నర్ గీసిన పొడవాటి రెక్కల క్రైస్లర్, ప్లిమత్, డాడ్జ్, డెసోటో బండ్లు ఆ ఏడాది అమెరికాను ఊపేశాయి. అప్పుడే 1960 వచ్చేసిందని ప్లిమత్ ప్రకటనలు చాటాయి. నిజానికి ఆ డిజైన్లు 1958 కోసం అనుకున్నవి. పోటీ ఒత్తిడికి ఒక ఏడాది ముందుకు లాగారు. ఫలితంగా నీరు కారే అతుకులు, త్వరగా పట్టే తుప్పు, ఊడిపోయే రంగు, విరిగే టార్షన్ బార్లు (సస్పెన్షన్‌లో స్ప్రింగులుగా పనిచేసే కడ్డీలు). అందం చూసి కొన్నవారు తరువాతి కారు వేరే కంపెనీది కొన్నారు. ఆ తొందర క్రైస్లర్ పేరును చాలా ఏళ్లు దెబ్బతీసింది.

అదే 1957 జూన్‌లో ఓక్లహామాలోని టల్సా నగరవాసులు ఒక సరికొత్త ప్లిమత్ బెల్వెడేర్‌ను న్యాయస్థానం ముందరి పచ్చికలో కాంక్రీటు గదిలో పూడ్చిపెట్టారు, 50 ఏళ్ల తరువాత తీయాలని. 2007 జూన్‌లో తెరిచి చూస్తే గదిలోకి నీరు చేరి, బండి మొత్తం తుప్పు పట్టి ఉంది. ఆ తుప్పు ఫ్యాక్టరీ తప్పు కాదు. కానీ గది పొడిగా ఉండి ఉంటే, 1957లో ఒక ప్లిమత్ గేటు దాటిన రోజున ఎలా ఉండేదో చెప్పగలిగే సాక్ష్యం మనకు చెక్కుచెదరకుండా మిగిలేది. ఆ నష్టం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

గిల్మోర్ ఆవరణ విశాలమైనది. పియర్స్-ఆరో, కాడిలాక్, లింకన్, మోడల్ ఎ ఫోర్డ్ బండ్లకు వేర్వేరు భవనాలు ఉన్నాయి. మేము వెళ్లిన రోజున సొంతదారులు తమ పాత బండ్లను పచ్చికలో వరసగా నిలిపారు. వాటిలో ఒకటి 1960ల నాటి నాలుగు తలుపుల కుటుంబ సెడాన్, ఎన్నడూ మళ్లీ రంగు వేయనిది, విప్పనిది. అప్పట్లో అన్ని కంపెనీల తీరూ దాదాపు ఇంతే కనుక దాని పేరు అనవసరం. సొంతదారు అనుమతితో తమ్ముడు ముందు తలుపు దగ్గర వంగి, “చూడు అన్నయ్యా, పైన చిటికెన వేలు దూరడం లేదు, కింద చూపుడు వేలు దూరుతోంది” అన్నాడు. డిక్కీ మూత ఎడమ పక్క కాస్త ఎత్తుగా ఉంది. బయటి రంగు దూరం నుంచి నున్నగా ఉన్నా, దగ్గరగా చూస్తే నారింజ తొక్క మీది గరుకు కనిపించింది. తలుపు కీళ్ల వెనుక రంగు పలచబడి ప్రైమరు బయటపడింది. బానెట్ ఎత్తితే, ఇంజన్ వెనుక గోడ మీద తనిఖీ చేసినవారు పసుపు మైనపు పెన్సిలుతో గీసిన గీతలు అలాగే ఉన్నాయి. ఇన్నేళ్లకు కూడా తలుపు వేస్తే మాత్రం బరువైన చప్పుడుతో గట్టిగా పడింది. గట్టిదనం, సందుల తేడా రెండూ ఆ ఒక్క తలుపులోనే ఉన్నాయి.

పక్క బండి దగ్గర కూర్చున్న పెద్దాయన ఒకరు, తాను యువకుడిగా ఉన్నప్పుడు ఒక ఫ్యాక్టరీలో తలుపులు బిగించేవాడినని చెప్పారు. లైను గంటకు 60 బండ్ల చొప్పున నడిచేదట. అంటే ఒక్కో బండికి ఆయనకు దక్కేది నిమిషం. ఆ నిమిషంలో తలుపు సరిగా కుదిరితే సరే, కుదరకపోతే బండి ముందుకు వెళ్లిపోతుంది, మిగిలినది చివర ఉండే రిపేరు వాళ్లు చూసుకోవాలి. వాళ్లూ చూడలేకపోతే డీలరు మెకానిక్కు చూడాలి. సోమవారం, శుక్రవారం తయారైన బండి కొనవద్దని అప్పట్లో అందరూ అనుకునేదాన్ని ఆయన కొట్టిపారేయలేదు. ఆ రెండు రోజుల్లో పనికి రానివారు ఎక్కువగా ఉండేవారని, అలవాటు లేని మనిషిని తెచ్చి ఆ చోట నిలబెట్టేవారని అన్నారు. ఇక 1970లలో ఒహాయోలోని లార్డ్స్‌టౌన్‌లో షెవ్రొలే వేగా లైనును గంటకు 100 బండ్లకు పెంచారు. ఒక్కోదానికి 36 సెకన్లు. 1972లో అక్కడి కార్మికులు ఆ వేగం మీదే సమ్మెకు దిగారు. పనివాడు సోమరి కనుక తలుపు వంకరగా ఉందని అనేవారు ఆ 36 సెకన్లను లెక్కలోకి తీసుకోవాలి.

చివరగా, ఫోర్డ్ కంపెనీ ఖరీదైన బండ్లయిన లింకన్ల భవనంలో, 1960ల తొలినాళ్ల కాంటినెంటల్ ముందు నిలబడ్డాము. విక్సమ్ ప్లాంటులో ఈ బండి ప్రతి ఇంజన్‌నూ మూడు గంటలు పరుగెత్తించి, విప్పి చూసి, మళ్లీ బిగించేవారు. తయారైన ప్రతి కారునూ 12 మైళ్లు రోడ్డు మీద నడిపి, సుమారు 200 అంశాలు పరీక్షించేవారు. పరిశ్రమలో 90 రోజులు లేదా 4,000 మైళ్ల వారంటీ అప్పటిదాకా మామూలు కాగా, 1961 కాంటినెంటల్‌కు 2 ఏళ్లు లేదా 24,000 మైళ్లు ఇచ్చారు. అదే దేశం, అదే కంపెనీ, అదే కాలం. తేడా అంతా ఒక్కో బండికి ఎంత సమయం కేటాయించాలన్న నిర్ణయంలోనే ఉంది. ఆ ఏడాది అమ్ముడైన లింకన్లు సుమారు 25 వేలు; అదే ఫోర్డ్ కంపెనీ చవక కారు ఫాల్కన్ మొదటి ఏడాదే నాలుగు లక్షలు దాటింది. ఫాల్కన్‌కు అలాంటి మూడు గంటల పరీక్ష పెట్టి ఉంటే ఆ ధరకు అమ్మగలిగేవారు కాదు.

ఆ తరువాత వారంటీల పోటీ పెరిగి, 1963 మోడళ్లకు 5 ఏళ్లు లేదా 50,000 మైళ్ల హామీ ఇచ్చినది 1957లో పరువు పోగొట్టుకున్న క్రైస్లరే. అది ఇంజన్, గేరుబాక్సు, వెనుక ఇరుసు వంటి నడిచే యంత్రాంగానికి మాత్రమే వర్తించే హామీ. రంగుకు, వాన నీటికి, తలుపుల సందులకు కాదు.