8 కార్డుల కోసం 52 కార్డులు

మేజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో కంట్రోల్ డెక్ (డెక్ అంటే ఆడటానికి కట్టుకునే పేక) కట్టాలనుకున్నవాళ్ళలో చాలామంది ముందు నెట్‌లో టోర్నమెంట్ గెలిచిన లిస్టు ఒకటి వెతుకుతారు, ఆ 60 కార్డులూ సంపాదించుకుని ఆడేస్తారు. గెలవడమే ముఖ్యమైతే అదే సుఖం, నేనేం కాదనను. నాకు మాత్రం ఆ లిస్టుల్లో నేను ఇష్టపడే కార్డులు కనపడవు. ఫ్యాక్ట్ ఆర్ ఫిక్షన్ ఉండదు, సెరా ఏంజెల్ అయితే అసలే ఉండదు, రాత్ ఆఫ్ గాడ్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. అందుకని ఈ మూడింటినీ ముందు టేబుల్ మీద పెట్టుకుని మిగతా డెక్ కట్టాను. ఎలా కట్టానో, ఎక్కడ తల పట్టుకున్నానో రాస్తాను, ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది మేజిక్: ద గ్యాదరింగ్, రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేసిన ఆట, 1993లో వచ్చింది. రమ్మీలో అందరికీ ఒకే పేక, పంచితే వచ్చిన ముక్కలతో ఆడాలి. ఇక్కడ ఎవరి పేక వాళ్ళే ఇంటి దగ్గర కట్టుకుని వస్తారు. కనీసం 60 కార్డులు, బేసిక్ ల్యాండ్స్ (ఐలాండ్, ప్లెయిన్స్ లాంటి మామూలు ల్యాండ్ కార్డులు) తప్ప ఏ కార్డైనా నాలుగుకి మించకూడదు, ఇద్దరికీ చెరో 20 లైఫ్. టర్నుకి ఒక ల్యాండ్ దించుకోవచ్చు, ఆ ల్యాండ్స్ ఇచ్చే మానాతోనే, అంటే కార్డుల ఖరీదు కట్టే శక్తితోనే, మిగతా కార్డులు ఆడాలి. కంట్రోల్ అంటే తొందరపడకుండా అవతలివాడు చేసేదాన్నల్లా ఆపుతూ, వాడి చేతిలో కార్డులు అయిపోయేదాకా మన చేతిలో ఉండేట్టు చూసుకుని, చివర్లో తీరిగ్గా గెలవడం. ఆడేవాడికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఎదుటివాడికి నిద్రొస్తుంది. మా గ్యాంగ్‌లో ఒకడు నేను డెక్ బాక్స్ తీయగానే "మామా, మళ్ళీ ఆ పోలీస్ డెక్కేనా" అంటాడు.

మేం ఆడేది మోడర్న్ ఫార్మాట్, అంటే 2003 నాటి ఎయిత్ ఎడిషన్ నుంచి వచ్చిన రెగ్యులర్ సెట్లు, ఆపైన మోడర్న్ హొరైజన్స్ లాంటివి. ఇది నా అదృష్టమనే చెప్పాలి. రాత్ ఆఫ్ గాడ్, సెరా ఏంజెల్ రెండూ 1993 నాటి మొదటి సెట్ కార్డులే అయినా తర్వాత మళ్ళీ మళ్ళీ అచ్చయ్యాయి కాబట్టి చెల్లుతాయి. ఫ్యాక్ట్ ఆర్ ఫిక్షన్ 2000లో ఇన్వేజన్ సెట్‌లో వచ్చింది, 2019లో మోడర్న్ హొరైజన్స్‌తో ఈ ఫార్మాట్‌లోకి దిగింది. అవతలివాడు ఆడుతున్న కార్డుని అక్కడే రద్దు చేసే కౌంటర్‌స్పెల్ కోసం 2021 దాకా ఆగాల్సొచ్చింది.

ఈ మూడు ఎందుకు అంత ఇష్టమో చెప్పాలి కదా. ఫ్యాక్ట్ ఆర్ ఫిక్షన్‌కి నాలుగు మానా, ఇన్‌స్టంట్, అంటే అవతలివాడి టర్న్‌లో కూడా ఆడొచ్చు. నా డెక్ పైనుంచి ఐదు కార్డులు అందరికీ కనపడేట్టు తిప్పుతాను, వాటిని రెండు కుప్పలుగా చేసే పని అవతలివాడిది, ఏ కుప్ప కావాలో ఎంచుకునేది నేను, రెండో కుప్ప గ్రేవ్‌యార్డ్‌లోకి, అంటే వాడేసిన కార్డుల కుప్పలోకి పోతుంది. ఇంత మంచి కార్డు ఈ ఆటలో ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. ఎందుకంటే ఎన్ని కార్డులొచ్చాయనేదానికంటే, కుప్పలు పెట్టేటప్పుడు అవతలివాడు దేనికి భయపడుతున్నాడో వాడే బయటపెట్టేస్తాడు. ఉదాహరణకి ఐదింటిలో ఒక రాత్ (బోర్డు మీదున్న క్రీచర్స్, అంటే దాడి చేసే ప్రాణుల కార్డులు, అన్నిటినీ చంపేది), ఒక కౌంటర్‌స్పెల్, ఒక ఏంజెల్, రెండు ల్యాండ్స్ పడ్డాయి అనుకోండి, వాడి ముందు మూడు క్రీచర్స్ ఉన్నాయి. వాడు రాత్‌ని విడిగా ఒక్కదాన్నే పెట్టి మిగతా నాలుగూ ఇటు పెడితే, బోర్డు మీదున్న ఆ మూడే వాడి ఆస్తి అన్నమాట, చేతిలో పెద్దగా ఏం లేదు. అలా కాకుండా కౌంటర్‌స్పెల్‌ని విడగొట్టాడంటే వాడి చేతిలో ఏదో ఖరీదైన స్పెల్ కూర్చుని ఉంది. చేతిలో కార్డులు చూపించకుండానే వాడు నాకు సగం చెప్పేశాడు. పాత ఆటగాళ్ళు దీని గురించి "ఎండ్ ఆఫ్ టర్న్, ఫ్యాక్ట్ ఆర్ ఫిక్షన్, యూ లూజ్" అని ఒక మాట అనేవాళ్ళు, ఊరికే అనలేదు.

రాత్ ఆఫ్ గాడ్ సంగతి చెప్పక్కర్లేదు, నాలుగు మానాకి బోర్డు మీదున్న క్రీచర్స్ అన్నీ చస్తాయి, మనవీ వాళ్ళవీ. ఏంజెల్‌కి ఐదు మానా, 4/4 (అంటే నాలుగు డ్యామేజ్ చేస్తుంది, నాలుగు తగిలితే చస్తుంది), ఎగురుతుంది, దాడి చేసినా ట్యాప్ అవ్వదు, అంటే వాడేసినట్టు పక్కకి తిరగదు, కాబట్టి కాపలా కూడా కాస్తుంది. ఇంకోటి, 1990ల మధ్యలో బ్రయన్ వైస్‌మన్ కట్టిన "ద డెక్"ని కంట్రోల్ డెక్స్‌కి మూలపురుషుడిలా చెప్తారు, అందులో చివరికి గెలిపించేది ఈ సెరా ఏంజెలే. కాబట్టి నాది మరీ చాదస్తం కాదు, వంశపారంపర్యం.

ఇక అసలు విషయానికొస్తే, ఇష్టమైన కార్డుల చుట్టూ డెక్ కట్టడమంటే వాటినే నాలుగేసి కుక్కడం అని అనుకుంటారు. కానీ ఈ మూడింటి ధరలు చూడండి. నాలుగు, నాలుగు, ఐదు. మొదటి మూడు టర్న్‌లలో ఇవి చేతిలో ఉన్నా లేనట్టే. వేగంగా దాడి చేసే ఎరుపు రంగు కార్డుల డెక్ వాడు ఆ మూడు టర్న్‌లలోనే మనల్ని సగం చంపేస్తాడు. అందుకని నేను డెక్‌లో ఎక్కువసేపు ఆలోచించింది నా కార్డుల గురించి కాదు, అవి చేతికొచ్చే దాకా నన్ను బతికించే మిగతా వాటి గురించే. ఫ్యాక్ట్ ఆర్ ఫిక్షన్ మూడు, రాత్ మూడు, ఏంజెల్ రెండు, మొత్తం 8. మిగతా 52 వాటికి చాకిరీ చేసేవే.

ఫ్యాక్ట్ ఆర్ ఫిక్షన్ నాలుగు పెట్టకుండా మూడే ఎందుకన్నది లెక్క చూస్తే తెలుస్తుంది. 60లో నాలుగు ఉంటే మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం దాదాపు 40 శాతం, మూడు ఉంటే 31 చిల్లర. అంత త్వరగా నాకు అది అక్కర్లేదు. రెండోవాడిగా ఆడితే నాలుగో టర్నుకి 11 కార్డులు చూస్తాం, అప్పటికి మూడింటిలో ఒకటి వచ్చే అవకాశం 46 శాతం, మధ్యలో ఇంకో కార్డు తీసిచ్చే ఆప్ట్ లాంటివి పడితే ఇంకాస్త పెరుగుతుంది, చాలు. ఏంజెల్ రెండే కాబట్టి మొదటి చేతిలో 22 శాతమే వస్తుంది, ఆట సాగి 20 కార్డులు చూసేసరికి 56 శాతం. ఆలస్యంగా రావాల్సిన కార్డు ఆలస్యంగా వస్తే నాకేం ఇబ్బంది లేదు.

మొదటి టర్న్‌ల కోసం నాలుగు పాత్ టు ఎగ్జైల్, నాలుగు ఆప్ట్, నాలుగు కౌంటర్‌స్పెల్, రెండు మానా లీక్ (అవతలివాడు మూడు మానా కట్టకపోతే వాడి కార్డుని రద్దు చేసేది), మూడు వాల్ ఆఫ్ ఓమెన్స్ పెట్టాను. పాత్ ఒక్క మానాకి క్రీచర్‌ని ఆట నుంచే తీసేస్తుంది గానీ, ఆ క్రీచర్‌ని ఆడిస్తున్నవాడు కావాలంటే బేసిక్ ల్యాండ్ ఒకటి వెతికి తెచ్చుకోవచ్చు. రెండో టర్న్‌లోనే కంగారుపడి పాత్ వేస్తే వాడికి ఎదురు కట్నం ఇచ్చినట్టే, కాబట్టి వీలైనంత వరకు ఆగాలి. ఆగడానికే వాల్. రెండు మానా, 0/4, దించగానే ఒక కార్డు ఇస్తుంది, ఇక చిన్న చిన్న క్రీచర్స్ అటువైపు రావడానికి జంకుతాయి. తర్వాత రాత్ వేసినప్పుడు వాల్ కూడా చస్తుంది, కానీ దాని కార్డు నా చేతికి ఎప్పుడో వచ్చేసింది, ఏడవాల్సిన పనిలేదు.

మానా దగ్గర మాత్రం నిజంగా తలనొప్పి. మానాకి రంగులుంటాయి. కౌంటర్‌స్పెల్‌కి రెండు నీలం కావాలి, అదీ రెండో టర్న్‌లోనే. రాత్‌కి, ఏంజెల్‌కి రెండేసి తెలుపు కావాలి. రెండు రంగుల డెక్కే కదా అని తేలిగ్గా తీసుకుంటే చేతిలో కౌంటర్‌స్పెల్, ముందు తెలుపు మాత్రమే ఇచ్చే రెండు ప్లెయిన్స్ పెట్టుకుని దిక్కులు చూడాల్సొస్తుంది. 26 ల్యాండ్స్ పెట్టాను, చాలామందికి ఎక్కువనిపిస్తుంది గానీ టర్నుకో ల్యాండ్ తప్పకుండా దించాల్సిన డెక్ ఇది. నాలుగు హాలోడ్ ఫౌంటెన్, నాలుగు గ్లేషియల్ ఫోర్ట్రెస్, మూడు సెలెస్టియల్ కొలొనేడ్, ఈ పదకొండూ రెండు రంగులూ ఇస్తాయి. నీలం ఇచ్చే తొమ్మిది ఐలాండ్స్, తెలుపు ఇచ్చే ఆరు ప్లెయిన్స్. మొత్తం నీలం ఇచ్చేవి 20, తెలుపు ఇచ్చేవి 17. నీలం ముందు కావాలి కాబట్టి నీలానికే పెద్దపీట. ఫ్లడెడ్ స్ట్రాండ్ లాంటి ఖరీదైన ల్యాండ్స్ ఉంటే ఇంకా బాగుండేది, కానీ నాలుగు ల్యాండ్స్ కోసం అంత డబ్బు పెట్టడానికి నా మనసు ఒప్పలేదు.

పై పేరాలో కొలొనేడ్ అని ఒకటి రాశానే, దాని మీదే మా వాళ్ళతో పెద్ద గొడవ. అది మామూలుగా ల్యాండే, కానీ ఐదు మానా పెడితే ఆ టర్న్ అయ్యేదాకా 4/4గా మారి ఎగురుతుంది, విజిలెన్స్ (దాడి చేసినా ట్యాప్ అవ్వకపోవడం) కూడా ఉంటుంది. అచ్చంగా సెరా ఏంజెల్! పైగా రాత్ పడే టైమ్‌కి అది ల్యాండ్ రూపంలోనే ఉంటుంది కాబట్టి చావదు, డెక్‌లో విడిగా చోటు కూడా తినదు. "మరి ఏంజెల్ ఎందుకురా, తీసెయ్" అన్నారు. లాజిక్ ప్రకారం వాళ్ళదే కరెక్టేమో. కానీ కొలొనేడ్‌ని ప్రతి టర్నూ లేపడానికి ఐదు మానా పోతుంది, కౌంటర్‌స్పెల్‌కి మిగలాలంటే ఏడెనిమిది ల్యాండ్స్ ఉండాలి. ఏంజెల్‌కి ఐదు మానా ఒక్కసారే, తర్వాత టర్న్ నుంచి ల్యాండ్స్ అన్నీ ఖాళీ, దాడి చేస్తూనే కాపలా, చేతిలో కౌంటర్‌స్పెల్ రెడీ. లైట్నింగ్ బోల్ట్ మూడే డ్యామేజ్ చేస్తుంది కాబట్టి దానికీ చావదు. వాదన సంగతి పక్కన పెడితే, అసలు ఏంజెల్ కోసం కట్టిన డెక్‌లోంచి ఏంజెల్‌నే తీసెయ్యమంటే ఎలా?

ఏంజెల్‌కీ రాత్‌కీ పడదు, అది నిజమే, రాత్ వేస్తే ఏంజెల్ కూడా పోతుంది. అయితే ఇది వరసలో తేలిపోయే గొడవ. ముందు రాత్ వేసి బోర్డు ఊడ్చేసి, అవతలివాడి చేతిలో ఒకటో రెండో కార్డులు మిగిలినప్పుడు, వీలైతే ఏడు ల్యాండ్స్ మీద, అంటే కౌంటర్‌స్పెల్ మానా మిగుల్చుకుని, అప్పుడు ఏంజెల్‌ని దించాలి. ఐదో టర్న్‌లో చేతులు దురదపెట్టి దించేస్తే నా రాత్‌కి నేనే అడ్డం పడ్డట్టు. నాలుగో రాత్‌కి బదులు ఒక సుప్రీమ్ వర్డిక్ట్ పెట్టాను, అదీ నాలుగు మానాకే క్రీచర్స్ అన్నిటినీ చంపుతుంది, దాన్ని కౌంటర్ చేయడం కుదరదు. నీలం వాళ్ళతో ఆడేటప్పుడు అది దేవుడిచ్చిన వరం.

ఈ డెక్‌లో నాకు బాగా నచ్చే టర్న్ నాలుగు ల్యాండ్స్ తెరిచిపెట్టి "నీ టర్న్" అనేసి కూర్చునేది. వాడు ఏదైనా పెద్దది వేస్తే కౌంటర్‌స్పెల్, లేదా మూడు లైఫ్ కూడా ఇచ్చే అబ్జార్బ్, అవి రెండున్నాయి. ఏమీ వేయకపోతే వాడి టర్న్ చివర్లో ఫ్యాక్ట్ ఆర్ ఫిక్షన్. వాడు ఏం చేసినా నా మానా వృథా పోదు. వాడికేమో వేస్తే ఒక బాధ, వేయకపోతే ఇంకో బాధ. రాత్ సోర్సరీ కాబట్టి నా టర్న్‌లోనే వేయాలి, ఆ టర్న్ మాత్రం కాస్త గుడ్డిగా దూకడమే.

ఐదో టర్న్‌కి "టెఫెరి, హీరో ఆఫ్ డొమినారియా" అనే కార్డులు రెండు ఉన్నాయి, దాని "ప్లస్ వన్" సామర్థ్యం వాడితే ఒక కార్డు వస్తుంది, ఆ టర్న్ చివర్లో రెండు ల్యాండ్స్ అన్‌ట్యాప్ అవుతాయి (మళ్ళీ వాడుకోవచ్చు). అంటే ఐదు ల్యాండ్స్ మీదే టెఫెరీ దిగుతాడు, కౌంటర్‌స్పెల్‌కి మానా కూడా ఉంటుంది. ఇది నా ఇష్టం కాదు, అవసరం. నిజం చెప్పాలంటే ఏంజెల్ కంటే ఎక్కువ ఆటలు ఇతనే గెలిపిస్తాడు, ఈ మాట మా వాళ్ళ దగ్గర మాత్రం ఒప్పుకోను. ఇంకా రెండు స్నాప్‌కాస్టర్ మేజ్, బోర్డు మీది కార్డుని పక్కకి తప్పించే డిటెన్షన్ స్ఫియర్ రెండు. స్నాప్‌కాస్టర్ ఉంటే ఫ్యాక్ట్ ఆర్ ఫిక్షన్ అవతల పడేసిన కుప్ప కూడా సగం మనదే, గ్రేవ్‌యార్డ్‌లోకి పోయిన ఇన్‌స్టంట్‌నో సోర్సరీనో మళ్ళీ ఆడిస్తుంది. ఈ సంగతి తెలిసినవాడు కుప్పలు పెట్టేటప్పుడు ఇంకా ఎక్కువ తల గోక్కుంటాడు, అది చూడటం నాకు సరదా.

కొత్త కార్డులు కొనేముందు నేను పేరు రాసిన కాగితం ముక్కని స్లీవ్‌లో (కార్డు తొడుగులో) పెట్టి కొన్నాళ్ళు ఆడతాను, ఇంట్లో ఆడుకునేటప్పుడు ఎవరూ ఏమనరు. షాపు టోర్నమెంట్‌కి వెళ్తే అది కుదరదు, పైగా అక్కడ రౌండుకి 50 నిమిషాలే, ఈ డెక్‌తో మూడు గేములు పూర్తి చేయాలంటే చకచకా ఆడాలి. ఆలోచించడం అంతా అవతలివాడి టర్న్‌లో చేసుకోవాలి.

ఇప్పుడు నా కన్ను టోరెన్షియల్ గేర్‌హల్క్ మీద ఉంది. ఆరు మానా, 5/6, అవతలివాడి టర్న్‌లో కూడా దించొచ్చు, దిగగానే గ్రేవ్‌యార్డ్‌లోంచి ఒక ఇన్‌స్టంట్‌ని ఫ్రీగా ఆడిస్తుంది, అంటే ఫ్యాక్ట్ ఆర్ ఫిక్షన్ ఇంకోసారి. ఆట ముదిరాక మానా లీక్‌కి అవతలివాడు మూడు మానా కట్టేసి నవ్వుతున్నాడు కాబట్టి వాటిలో ఒకటి తీసి ఇది పెడదామనుకుంటున్నా. కాగితం ముక్క మీద పేరు రాసేశాను, ఈ ఆదివారం ఆడి చూస్తాం.