చల్లని ఇంజనుకు రోజుకొక్కటే అవకాశం

ఆదివారం. మే నెల మూడో వారం నడుస్తున్నా మిషిగన్‌లో తెల్లవారుజాము చలి ఇంకా పోలేదు. ఆరున్నరకు గ్యారేజీ తలుపు ఎత్తేసరికి గోడ మీది థర్మామీటరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది, అంటే మన లెక్కలో 7 డిగ్రీలు. ట్రైలరు మీద ఉన్న జెట్ స్కీ సీటు తీసి, లోపల చేరిన పెట్రోలు ఆవిరి బయటికి పోయేదాకా ఐదు నిమిషాలు ఆగి, చల్లని ఇంజనుకు గాలిదారి మూసే చోక్ లాగి సెల్ఫ్ నొక్కాను. ఐదు సెకన్లు తిరిగింది కానీ అందుకోలేదు. స్టార్టరు వేడెక్కకుండా కాసేపు ఆపి మళ్ళీ నొక్కాను. ఆరోసారికి కూడా ఇంజను ఒక్క దగ్గు దగ్గలేదు. వచ్చే వారాంతం మెమోరియల్ డే సెలవులు. కాస్ లేక్‌కు తీసుకువెళ్తానని పిల్లలకు మాట ఇచ్చి ఉన్నాను.

ఈ బండి 1996 నాటిది. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజను, సిలిండరుకొక కార్బొరేటర్. (జెట్ స్కీ అన్నది నిజానికి కవాసాకీ వారి పేరు, నా బండి వారిది కాదు. కానీ ఏ యంత్రం మీద తీసినా జిరాక్సే అన్నట్టు, నీళ్ళ మీద పరుగెత్తే ప్రతి బండినీ మనం జెట్ స్కీ అనే అంటాము.) కొన్న నాటి నుంచి, అంటే రెండేళ్ళుగా, దీనికి ఒకటే జబ్బు. రాత్రంతా నిలిచి ఉంటే పొద్దున్న స్టార్ట్ కాదు. ఒక్కసారి స్టార్ట్ అయిందంటే మాత్రం సాయంత్రం దాకా బటన్ మీద వేలు ఆనిస్తే చాలు. ఈ జబ్బుకు నేను కనిపెట్టిన వైద్యం, కార్బొరేటర్ల గొంతులో చిన్న ప్లాస్టిక్ సీసాతో చెంచాడు పెట్రోలు పోయడం. పోయగానే అందుకునేది, నేను కూడా గొప్ప మెకానిక్కునైనట్టు మురిసిపోయేవాణ్ణి. ఇంధన గొట్టాలు ఒకసారి మార్చాను, గత వేసవిలో రెండు కార్బొరేటర్లూ విప్పి సూదులు, డయాఫ్రమ్‌లు కొత్తవి వేశాను. జబ్బు అలాగే ఉంది, నా చెంచాడు పెట్రోలూ అలాగే కొనసాగింది.

ఈ రోజు సీసా ముట్టకూడదని నిర్ణయించుకున్నాను. చల్లని ఇంజను రోగాన్ని పట్టుకోవడంలో ఉన్న చిక్కు ఏమిటంటే, పరీక్షకు రోజుకు ఒకటే అవకాశం దొరుకుతుంది. ఒకసారి పెట్రోలు పోసి స్టార్ట్ చేశామా, ఇంజను వేడెక్కి, గొట్టాలు నిండి, రోగలక్షణాలన్నీ మాయమవుతాయి. మళ్ళీ మరుసటి ఉదయం దాకా ఎదురుచూడవలసిందే. ఈ రెండేళ్ళలో దొరికిన అవకాశాలన్నింటినీ నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను. పైగా పక్కనే బ్యాటరీ ఉండగా మూత తీసిన పెట్రోలు సీసా పట్టుకొని ఇంజను మీదికి వంగడం ఎంత బుద్ధితక్కువ పనో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

మొదట ప్లగ్గులు విప్పాను. రెండూ పొడిగా ఉన్నాయి. అన్నిసార్లు సెల్ఫ్ కొట్టిన తరువాత ప్లగ్గు తడిసి, ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన గుప్పున రావాలి; వీటికి కాస్తంత నూనె వాసన తప్ప మరేమీ లేదు. ఇంజనుకు పెట్రోలు అందడం లేదని అప్పుడే తేలిపోయినా, ఈసారి ఊహల మీద నడవదలచుకోలేదు కనుక మిగిలినవి కూడా చూశాను. ప్లగ్గు తీగలను ఇంజను లోహానికి ఆనించి తిప్పితే (అలా ఆనించకుండా తిప్పితే ఇగ్నిషన్ పెట్టె కాలిపోయే ప్రమాదం ఉంది) నిప్పురవ్వ నీలంగా, బలంగా ఉంది. థ్రాటిల్ పూర్తిగా నొక్కిపెట్టి కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి) కొలిస్తే ముందు సిలిండరు 150, వెనుకది 148 పీఎస్ఐ చూపించాయి. బ్యాటరీ మీద ఏ భారమూ లేనప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 10.4. వీటిలో వంక పెట్టవలసినదేమీ లేదు.

ఎనిమిదిన్నరకు, అంటే తణుకులో సాయంత్రం ఆరు గంటలకు, ప్రతి ఆదివారం లాగే నాన్నగారు ఫోన్ చేశారు. జెట్ స్కీని ఆయన ఫోటోలో తప్ప చూడలేదు. కానీ పాతికేళ్ళు బజాజ్ స్కూటరు నడిపిన మనిషి; చలికాలం ఉదయాన దానిని పక్కకు వంచి, కాసేపు ఆగి, నిలబెట్టి కిక్కు కొట్టడం నా చిన్నతనమంతా చూశాను. సంగతి విని ఆయన అడిగింది ఒక్కటే: “చోక్ లాగానంటున్నావు సరే, లోపల మూసుకుంటోందా?”

“లాగితే మూసుకోకుండా ఎలా ఉంటుంది నాన్నా?” అన్నాను.

“నువ్వు లాగింది తీగనిరా. మూసుకోవలసింది పలక. కళ్ళతో చూశావా?”

చూడలేదు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

గాలి పెట్టె విప్పి, చోక్ పూర్తిగా లాగి, టార్చి వేసి కార్బొరేటర్ల నోట్లోకి చూశాను. ముందు కార్బొరేటర్‌లో ఇత్తడి పలక గొంతుకు అడ్డంగా, సందు లేకుండా మూసుకుంది. వెనుకదానిలో మాత్రం పలక అంచున, పైభాగంలో, తదియనాటి చంద్రవంకంత సందు మిగిలి ఉంది. వేలితో నొక్కితే అదీ మూసుకుంది, వదిలితే మళ్ళీ తెరుచుకుంది. కేబుల్ సాగిపోయి, పైన పిడి చివరిదాకా వచ్చినా కింద పలక చివరిదాకా తిరగడం లేదన్నమాట. రెండు పలకలను కలిపే కడ్డీ కూడా కాస్త వదులైంది. ఆ కొద్ది సందుకే ఇంత ఇబ్బందా అని అనిపించవచ్చు. చల్లని లోహం తగిలితే పెట్రోలు ఆవిరి కాకుండా చుక్కలుగా గోడలకు అంటుకుంటుంది, అందువల్ల మామూలుగా కావలసిన దానికంటే చాలా ఎక్కువ పెట్రోలును లోపలికి లాగవలసి ఉంటుంది. సెల్ఫ్ మీద నెమ్మదిగా తిరిగే ఇంజనుకు అంత పీల్చే శక్తి ఉండదు. గాలిదారి మూసేస్తేనే ఆ పీల్పు మొత్తం పెట్రోలు రంధ్రాల మీద పడుతుంది. సందు ఉంటే ఇంజను సుఖంగా గాలినే పీల్చుకుంటుంది. కేబుల్ చివరి నట్లు వదులు చేసి, సాగిన పొడవు తీసేసి, కడ్డీ మర బిగించి, రెండు పలకలూ ఒకేసారి మూసుకునేదాకా ఓ గంట కూర్చున్నాను.

అయితే చోక్ ఒక్కటే కారణమైతే ముందు సిలిండరు ప్లగ్గయినా తడవాలి కదా. అది కూడా పొడిగా ఉంది. ఈ ప్రశ్నను పక్కన పెట్టి లేచిపోయి ఉంటే ఇంకో ఏడాది సీసాతోనే గడిచేది.

ఈ కార్బొరేటర్లకు విడిగా విద్యుత్ పంపు ఉండదు. క్రాంక్‌కేసులో, అంటే పిస్టన్ల కింది గదిలో, పిస్టను కదలికతో పుట్టే ఒత్తిడి హెచ్చుతగ్గులే ఒక పలుచని పొరను ఆడించి, ట్యాంకు నుంచి పెట్రోలును పీలుస్తాయి. ట్యాంకుకూ కార్బొరేటర్లకూ మధ్య ఎక్కడైనా చిన్న చిల్లు ఉంటే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే మరకా ఉండదు, వాసనా రాదు. బండి నడుస్తున్నంతసేపూ పంపు ఆ గాలిని తట్టుకొని పనిచేస్తుంది. రాత్రి బండి నిలబడగానే గొట్టంలోని పెట్రోలు మెల్లగా ట్యాంకులోకి దిగిపోతుంది. ఉదయానికి గొట్టం ఖాళీ.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, ట్యాంకు దగ్గర గొట్టం ఊడదీసి, కార్బొరేటర్ల వైపు చివరను బిరడాతో మూసి, చేతి పంపుతో 5 పీఎస్ఐ గాలి ఎక్కించాను. గేజ్ ముల్లు నిలబడలేదు, చూస్తుండగానే 2కు దిగింది. సబ్బు నీళ్ళు కుంచెతో పూసుకుంటూ వచ్చాను. రిజర్వు మీట దగ్గర ఏమీ లేదు, క్లాంపుల దగ్గర ఏమీ లేదు. నీటిని వడకట్టే ఫిల్టరు గిన్నె మూత చుట్టూ రాయగానే ఆవగింజలంత బుడగలు ఒకదాని వెంట ఒకటి వరుసగా పుట్టాయి. గిన్నె విప్పితే లోపలి రబ్బరు రింగు గుండ్రంగా ఉండవలసినది నొక్కుకుపోయి, చపాతీ అంచులా బల్లపరుపుగా, గోటికి గట్టిగా తగిలింది. గొట్టాలన్నీ మార్చి, దానిని మాత్రం పాతదే మళ్ళీ బిగించింది నేనే. ఊళ్ళోని హార్డ్‌వేర్ దుకాణంలో పెట్రోలుకు తట్టుకునే రకం రింగు రెండు డాలర్లలోపే దొరికింది. గత వేసవిలో కార్బొరేటర్ సామగ్రికి ఖర్చుపెట్టినది ఇక్కడ రాయను, మా ఆవిడ ఈ డైరీ అప్పుడప్పుడు చదువుతుంది.

కొత్త రింగు వేశాక గేజ్ ముల్లు పది నిమిషాలు 5 మీదే నిలబడింది. అన్నీ బిగించి, గొట్టాల్లోకి పెట్రోలు ఎక్కించి, సాయంత్రం ఏడింటికి, ఇంజనును చల్లబరిచే నీటి కోసం తోట పైపు తగిలించి సెల్ఫ్ నొక్కాను. మూడు సెకన్లలో అందుకుంది, గ్యారేజీ ముందంతా నీలం పొగ. స్టార్ట్ అయ్యాకనే నీళ్ళు వదిలాను, ఆపేటప్పుడు ముందు నీళ్ళు కట్టేశాను. క్రమం తప్పితే నీళ్ళు ఎగ్జాస్టు గుండా వెనక్కి సిలిండర్లలోకి పోతాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. కానీ ఇది పరీక్ష కాదని నాకు తెలుసు. పొద్దున్నుంచి ఇంజను చల్లగానే ఉన్నా, గొట్టాలు నేను నింపినవే.

అందుకని ఫిల్టరుకూ కార్బొరేటర్లకూ మధ్య నిలువుగా జానెడు పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా అమర్చి, పెట్రోలు మట్టం ఉన్న చోట నల్ల టేపు చుట్టాను. రేపు ఆరున్నరకు, ఆఫీసుకు వెళ్ళే ముందు, సెల్ఫ్ నొక్కేకంటే ముందు దానిని చూస్తాను. పడుకోబోయే ముందు ఉండబట్టలేక టార్చి తీసుకొని గ్యారేజీలోకి ఒకసారి వెళ్ళివచ్చాను. పది గంటలకు మట్టం టేపు దగ్గరే ఉంది.