గుర్రాలక్కకు చీర

నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు కోసం గంటన్నర నిలబడ్డాను. భీష్మ ఏకాదశి కదా, అంతర్వేది నరసింహస్వామి రథానికి వెళ్లే జనం ఇసక వేస్తే రాలనట్టున్నారు. బైకులు, ఆటోలు, అరటిగెలల మధ్య కాలు పెట్టే చోటు లేదు. అటు సఖినేటిపల్లిలో దిగితే ఆటోవాళ్లు మామూలు రోజుకి మూడింతలు అడిగారు. తీర్థం పేరు చెప్పి ఇలా గుంజుతుంటే ఒళ్లు మండింది.

పంటులో నా పక్కన ఒక మామ్మగారు. ఒళ్లో కవరు, అందులో ఆకుపచ్చ నేతచీర, మడతలో పసుపు కొమ్ము. ఎవరికని అడిగాను.

"మా ఆడపడుచుకి బాబూ. అంతర్వేదిలో ఇచ్చాం. ఏటా రథం నాడు మా ఆయనే పట్టుకెళ్లేవారు. ఆయన పోయి మూడేళ్లయింది. సామే చెల్లెలికి చీర పట్టుకెళ్తుంటే మనం మానేస్తామా?"

స్వామి చెల్లెలంటే గుర్రాలక్క, అశ్వరూఢాంబిక. రక్తవలోచనుడనే రాక్షసుడి నెత్తురు ఎన్ని ఇసక రేణువుల్ని తడిపితే అంతమంది రాక్షసులు పుట్టాలని వరం. నరసింహస్వామి వాణ్ని చంపుతుంటే నెత్తురు నేల తాకకుండా ఆవిడ నాలుక పరిచిందట. అందుకే దశమి రాత్రి కల్యాణమయ్యాక, ఏకాదశి నాడు స్వామి రథమెక్కి చెల్లెలి గుడికి వెళ్తాడు. చిన్నప్పటి నుంచీ వింటున్న కథే. అంతర్వేది ఇసకలో చెప్పుల్లేకుండా నిలబడి కాలు ఎత్తి చూసుకున్నాను. వేళ్ల సందుల్లోనే వందల రేణువులు. ఆ వరం ఎంత భయంకరమో అప్పుడు తెలిసింది.

నాన్న భుజాల మీద కూర్చుని నేను అరటిపండు విసిరిన రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. టీవీలో ఆ మంటలు చూసి అమ్మ రోజంతా అన్నం ముట్టలేదు. నెలల్లోనే టేకుతో కొత్త రథం చేయించారు, 2021 రథసప్తమికి బయటికి తెచ్చారు. అయినా నాకు మనసొప్పక ఇన్నేళ్లూ రాలేదు.

మధ్యాహ్నం రథం లాగే మోకు నా చేతికందింది. కాసేపు రథం కదల్లేదు. "గోవిందా!" అని వేలమంది ఒక్కసారి అరిచారు, మోకు బిగుసుకుంది, నలభై అడుగుల రథం కిర్రుమంటూ ముందుకొచ్చింది. పైనించి అరటిపళ్లు మా నెత్తిన రాలాయి. ఇది పాతదా కొత్తదా అన్న మాటే గుర్తు రాలేదు నాకు.

అరచెయ్యి కందిపోయింది. సాయంత్రం పంటు ఎక్కాక చెల్లికి ఫోన్ చేశాను.

"రథం లాగావా అన్నయ్యా?" అని ముందు అదే అడిగింది.