క్రిస్మస్ సెలవులకి పిల్లలకి ఏ పుస్తకాలు కొందాం?

విజయనగరంలో ఉన్న మా మేనకోడలు మూడో తరగతి. సెలవులకి పుస్తకం కొనాలంటే దాన్నే షాపుకి తీసుకెళ్తాను, ఏదో ఒక పేజీ తెరిచి పైకి చదవమంటాను, రెండు మూడు లైన్లకే ఒత్తుల దగ్గర ఆగిపోయి గుంట నా మొహం వైపు చూస్తోందంటే అది ఎంత మంచి పుస్తకమైనా ఇప్పుడే వద్దు. నీతికథలు అసలు కొనను. బళ్లో వినేవి చాలు! నేషనల్ బుక్ ట్రస్ట్, ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ల బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. కాస్త పెద్ద పిల్లలకైతే ‘రైలుబడి’ ఇవ్వండి. పాత రైలుపెట్టెల్లో పాఠాలు చెప్పిన జపాన్ బడి కథ, రచయిత్రి నిజంగా చదువుకున్న బడే అది. షాపులో ఏమీ దొరక్కపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, కాకపోతే ప్రింట్ తీసి ఇవ్వండి, ఫోన్ చేతికివ్వొద్దు.