1990 వరకు పార్లమెంటులో అంబేద్కర్ లేరా?

ఏటా ఏప్రిల్ 14 దగ్గర పడగానే మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ వస్తుంది. రాజ్యాంగం రాసిన మహానుభావుడికి 1990 వరకు పార్లమెంటులో చోటే ఇవ్వలేదు, అడిగితే గోడ మీద ఖాళీ లేదన్నారు, ఇదీ అందులోని సారాంశం. కింద ఒక ఫొటో ఉంటుంది, ఎడమ చేతిలో రాజ్యాంగం పట్టుకుని కుడి చేయి చాచి వేలు చూపిస్తున్న అంబేద్కర్ విగ్రహం. ఈసారి అది పంపింది మా మామయ్య. ఆయన పనిగట్టుకుని అబద్ధాలు పంపే మనిషి కాదు, అంబేద్కర్ అంటే ఆయనకు ప్రాణం. అందుకే చూసీ చూడనట్టు వదిలేయలేక, కూర్చుని ఒక్కో ముక్కా సరిచూశాను.

ముందు ఆ ఫొటో సంగతి. అది 1990లో పెట్టింది కాదు. 1967 ఏప్రిల్ 2న అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ పార్లమెంటు ప్రాంగణంలో ఆవిష్కరించిన కంచు విగ్రహం అది. శిల్పి బి.వి. వాఘ్. లోక్‌సభ స్పీకర్‌గా అప్పటికి రెండు వారాల ముందే మన నీలం సంజీవరెడ్డి బాధ్యతలు తీసుకున్నారు. అంటే 1990 వరకు పార్లమెంటులో అంబేద్కర్ ఆనవాలు లేదని చెప్పడానికి వాడుతున్న ఫొటో, 1990కి 23 ఏళ్ళ ముందు నుంచి అదే ప్రాంగణంలో నిలబడి ఉన్న విగ్రహానిది. ఇది చూశాక నాకు మెసేజ్ మీద కంటే, ఇన్నేళ్ళుగా దాన్ని చూస్తూ కూడా ఫొటో ఎప్పటిదని ఒక్కసారీ అడగని నా మీదే ఎక్కువ కోపం వచ్చింది.

మరి 1990 అన్న సంవత్సరం ఎక్కడి నుంచి వచ్చింది? అది గాల్లోంచి పుట్టింది కాదు. 1990 ఏప్రిల్ 12న ప్రధాని వి.పి. సింగ్ పార్లమెంటు సెంట్రల్ హాల్లో అంబేద్కర్ చిత్రపటాన్ని ఆవిష్కరించారు. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 14న, ఆయన భార్య సవితా అంబేద్కర్ ఆయన తరఫున భారతరత్న అందుకున్నారు. ఇవి రెండూ నిజాలే. సెంట్రల్ హాలు గోడ మీద 1990 దాకా అంబేద్కర్ చిత్రపటం లేదన్న మాటా నిజమే. మెసేజ్ రాసినవాళ్ళు చేసిందల్లా "సెంట్రల్ హాలు గోడ" అన్న మాట తీసేసి "పార్లమెంటు" అని పెట్టడం. ఆ ఒక్క మార్పుతో నిజం కాస్తా అబద్ధమైపోయింది. విగ్రహం, చిత్రపటం వేర్వేరు, ప్రాంగణం, సెంట్రల్ హాలు వేర్వేరు. మన ఎన్టీఆర్ విషయంలోనూ జనం ఇలాగే పొరబడతారు. 2013 మే 7న పార్లమెంటులో పెట్టింది ఆయన విగ్రహం, సెంట్రల్ హాలు చిత్రపటం కాదు.

సెంట్రల్ హాలు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ మెసేజ్‌లో ఉన్న అసలు బాధ అక్కడే ఉంది. 1927లో ప్రారంభమైన ఆ గుండ్రటి భవనం మధ్యలో గుమ్మటం కింద ఉండే హాలు అది. మొదట గ్రంథాలయంగా వాడేవారు. రాజ్యాంగ సభ కోసం 1946లో దాన్ని సభామందిరంగా మార్చారు. 1946 డిసెంబరు 9న రాజ్యాంగ సభ మొదటిసారి కూర్చుంది అక్కడే, 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి అధికారం చేతులు మారింది అక్కడే. ఆ తర్వాత రెండు వారాలకు, ఆగస్టు 28న, ఆస్వాల్డ్ బర్లీ గీసిన గాంధీ చిత్రపటాన్ని రాజేంద్రప్రసాద్ అక్కడ ఆవిష్కరించారు. 1948 నవంబరు 4న అంబేద్కర్ ముసాయిదా రాజ్యాంగాన్ని సభ ముందు పెట్టిందీ, 1949 నవంబరు 25న చివరి ప్రసంగం చేసిందీ ఆ హాల్లోనే. అంత పని చేసిన మనిషి 1956 డిసెంబరు 6న పోతే, అదే హాలు గోడ మీదికి ఆయన బొమ్మ రావడానికి 33 ఏళ్ళు దాటింది. ఇది నన్ను బాధపెట్టే విషయమే, దీన్ని ఎవరూ పెంచి చెప్పక్కర్లేదు.

ఇక "గోడ మీద ఖాళీ లేదన్నారు" అన్న ముక్క. ఎవరన్నారో, ఎప్పుడన్నారో మెసేజ్‌లో పేరూ లేదు, తేదీ కూడా లేదు. నేనైతే ఆవిష్కరణ తేదీలన్నీ వరసగా రాసుకుని చూశాను. 1987 నవంబరు 19న ఇందిరాగాంధీ చిత్రపటం వచ్చింది. అంబేద్కర్‌ది వచ్చాక 1991లో శ్యామాప్రసాద్ ముఖర్జీది, 1993లో రాజీవ్‌గాంధీది, అదే ఏడాది అక్టోబరు 2న లాల్‌బహదూర్ శాస్త్రిది, 2003లో సావర్కర్‌ది, 2019లో వాజ్‌పేయిది వచ్చాయి. అంటే గోడ మీద చోటు ఎప్పుడూ ఉంది. కాబట్టి చోటు లేకపోవడం ఆలస్యానికి కారణం కాలేదు.

తేదీలు ఇలా పక్కపక్కన పెట్టుకుంటే ఇంకో సంగతి తేలింది. 1964లో పోయిన నెహ్రూ చిత్రపటం 1966లోనే వచ్చింది. ఇందిరకు మూడేళ్ళు పట్టింది, రాజీవ్‌కు రెండేళ్ళు. కానీ కాంగ్రెస్ ప్రధానిగా పదవిలో ఉండగానే పోయిన శాస్త్రికి 27 ఏళ్ళు పట్టింది. నేతాజీ చిత్రపటం 1978 జనవరి 23 దాకా రాలేదు, దాన్ని ఆవిష్కరించింది రాష్ట్రపతి హోదాలో సంజీవరెడ్డి. అంటే ఆలస్యం అంబేద్కర్ ఒక్కరికే జరగలేదు, అలాగని అందరికీ ఒకేలా కూడా జరగలేదు. ఒక కుటుంబానికి తొందరగా పని జరిగిందన్న విమర్శ తేదీల ముందు నిలబడుతుంది. అసలు చోటే ఇవ్వలేదన్న మాట నిలబడదు.

ఘనత ఎవరిదన్న గొడవ కూడా ఏటా ఉంటుంది. 1990లో ఉన్నది నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వం, ఆ ఫ్రంట్ చైర్మన్ ఎన్టీఆర్, బయటి నుంచి మద్దతిచ్చింది ఒక పక్క బీజేపీ, ఇంకో పక్క వామపక్షాలు. కాబట్టి ఇవాళ ఏ పార్టీ అభిమాని అయినా అందులోంచి తనకు కావాల్సిన ముక్క తీసుకుని పోస్టు పెట్టుకోగలడు.

ఇదంతా రాసుకుని మామయ్యకు ఫోన్ చేశాను. గ్రూపులో అందరి ముందూ పెట్టడం నాకు ఇష్టం లేదు. అంతా విని, "పోనీలేరా, ఆయనకు అన్యాయం జరిగిందన్నది నిజమే కదా, ఏడాది అటూ ఇటూ అయితే ఏమైంది" అన్నారు. "ఏడాది కాదు మామయ్యా, 23 ఏళ్ళు" అన్నాను. "ఆ విగ్రహం అక్కడికి ఊరికే రాలేదు, అంబేద్కర్ స్మారక కమిటీ వాళ్ళు పూనుకుని చేయించి పార్లమెంటుకు ఇచ్చారు. 1990 దాకా ఏమీ లేదంటే ఆ మనుషులు పడ్డ కష్టాన్ని మనమే చెరిపేసినట్టు కదా" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సరే, అయితే ఏం రాయాలో నువ్వే పంపు" అన్నారు.

నేను పంపింది ఇది: "పార్లమెంటు ప్రాంగణంలో అంబేద్కర్ విగ్రహం 1967 నుంచి ఉంది. ఆయన రాజ్యాంగాన్ని ప్రవేశపెట్టిన సెంట్రల్ హాల్లో మాత్రం ఆయన చిత్రపటం 1990 ఏప్రిల్ 12 వరకు లేదు."

మామయ్య పాత మెసేజ్ తీసేసి దీన్ని పెట్టారు. పది నిమిషాల్లో మా చెల్లెలు కింద అడిగింది, ఆ విగ్రహాన్ని అక్కడి నుంచి తీసేశారటగా అని. తీసేయలేదు, చోటు మార్చారు. 2024 జూన్ 16న ప్రారంభించిన ప్రేరణా స్థల్‌లో గాంధీ విగ్రహంతో, మిగతా విగ్రహాలతో పాటు అదే ప్రాంగణంలో ఉంది. అలా మార్చడం మీద ప్రతిపక్షాలు అప్పుడే అభ్యంతరం చెప్పాయి కూడా. ఈ ముక్క కూడా తేదీతో సహా గ్రూపులో పెట్టాను.