ఇసబ్‌గోల్ డబ్బా సరే, కారణం ఎవరైనా చూశారా?

మనవాళ్ళు డాక్టర్ దగ్గరికెళ్తే "గ్యాస్ అండీ, కడుపు ఉబ్బరం" అంటారు తప్ప మోషన్ సంగతి నోరు విప్పి చెప్పరు. పక్కన భర్తో అత్తగారో కూర్చుంటే ఇక చెప్పినట్టే! డాక్టర్‌కీ బయట క్యూ ఉంటుంది, పీచు తినండి, నీళ్ళు తాగండి అని ఒక సిరప్ రాసి పంపేస్తారు. పీచూ నీళ్ళూ మంచివే, కాదనను. కానీ మలబద్ధకం నెలల తరబడి తగ్గనప్పుడు కారణం వెతక్కుండా సిరప్‌లు మారుస్తూ పోవడం ఏం వైద్యమో నాకర్థం కాదు.

ఇంకోటి, రోజూ వెళ్తున్నాను కదా అనుకుంటే సరిపోదు. రోజూ వెళ్తున్నా ప్రతిసారీ ముక్కాల్సి రావడం, గట్టిగా ఉండలుండలుగా రావడం, అయ్యాక కూడా ఇంకా లోపల మిగిలినట్టే ఉండటం, ఇవీ మలబద్ధకమే. వారానికి 3 సార్ల కంటే తక్కువ అవ్వడం అనేది డాక్టర్లు చూసే లక్షణాల్లో ఒకటి మాత్రమే.

మా వదినకి రెండో కాన్పు తర్వాత మొదలైంది. ఏళ్ళ తరబడి త్రిఫల, ఇసబ్‌గోల్, రాత్రిపూట వేడినీళ్ళు, అన్నీ అయ్యాయి. పీచు పెంచేకొద్దీ ఉబ్బరం పెరిగేది. చివరికి చూసిన గ్యాస్ట్రో డాక్టరమ్మ ముందు మందుల సంచి టేబుల్ మీద బోర్లించమంది. ఐరన్, క్యాల్షియం, నడుంనొప్పికి ట్రమడాల్ కలిసిన బిళ్ళ. మూడూ మోషన్‌ని బిగబట్టేవే! మన దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, కాబట్టి ఐరన్ బిళ్ళ లేని ఇల్లు తక్కువ. అలాగని సొంతంగా మానేయకండి, డాక్టర్‌ని అడిగితే రకమో మోతాదో మారుస్తారు.

తర్వాత అడిగిన ప్రశ్నలకి వదిన మొహం ఎర్రబడింది. కాన్పు కష్టమైందా, కుట్లు పడ్డాయా, మోషన్ రావడానికి యోని వెనక గోడను వేలితో నొక్కాల్సి వస్తోందా? అలా నొక్కాల్సి వస్తోందంటే మలాశయం గోడ ముందుకి జారిందేమో చూడాలి. ఇది సిగ్గుపడి దాచే విషయమే, కానీ రోగం ఎక్కడుందో చెప్పేదీ ఇదే.

థైరాయిడ్, షుగర్, రక్తంలో క్యాల్షియం చూశారు, అన్నీ బాగానే ఉన్నాయి. అసలు సంగతి వేలితో చేసిన పరీక్షలో దొరికింది. ముక్కమన్నప్పుడు సడలాల్సిన మలద్వారం కండరం ఇంకా బిగుసుకుంటోంది, అంటే లోపలి నుంచి తోస్తూ తలుపుకి గడియ పెట్టుకున్నట్టు. దీన్ని ఖాయం చేసుకోవడానికి మానోమెట్రీ, అంటే ఆ కండరాల ఒత్తిడి కొలిచే పరీక్ష చేశారు, 50 మి.లీ. నీళ్ళు నింపిన చిన్న బెలూన్‌ని లోపల పెట్టి బయటికి పంపమన్నారు. మామూలుగా ఒకట్రెండు నిమిషాల్లో వచ్చేయాలి, వదినకి రాలేదు. ఇలాంటిదానికి బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ ఉంది, కండరాన్ని ఎప్పుడు వదలాలో మళ్ళీ నేర్పుతారు. ఈ పరీక్షలు బాగుండి కూడా తగ్గకపోతే అప్పుడు పేగు కదలికే నెమ్మదిగా ఉందా అని ఎక్స్‌రేలో కనపడే గుర్తులు మింగించి చూస్తారు.

చాలామంది నేరుగా కొలనోస్కోపీకి, అంటే పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూసే పరీక్షకి పరిగెడతారు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్, నడివయసు దాటాక కొత్తగా మొదలవడం, వీటిలో ఏదున్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళడం ఆలస్యం చేయకూడదు. కానీ కొలనోస్కోపీ నార్మల్ వచ్చిందంటే కండరం తేడా లేదని కాదు, ఆ పరీక్ష చూసేది దాన్ని కాదు.

పొద్దున టిఫిన్ తిన్నాక పేగు కదులుతుంది, సరిగ్గా అదే టైంలో మనం బాక్సులు సర్దుతూ ఆపుకుంటాం. ఇదీ డాక్టర్‌కి చెప్పండి. వెళ్ళేముందు రెండు వారాలు ఎప్పుడు అయింది, ఎలా ఉంది, ఏ మందులు వేసుకున్నారు అని రాసుకోండి. కావాలంటే లేడీ డాక్టర్‌ని అడగండి, భర్తని కాసేపు బయట కూర్చోమనండి.