పాలు అడిగిన పిల్లవాడు

గోదావరి డెల్టాలో పెరిగినవారికి ఏ కోరికకు ఏ గుడికి వెళ్ళాలో చిన్ననాటి నుంచే తెలుసు. పెళ్ళి కుదరవలసి ఉంటే మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తారు. పరీక్షలు దగ్గర పడితే పిల్లల పెన్నులను ఐనవిల్లి విఘ్నేశ్వరుని సన్నిధిలో పెట్టించి తెచ్చుకుంటారు. బదిలీ కావలసిన ఉద్యోగి ర్యాలి జగన్మోహినీ కేశవస్వామిని దర్శించుకుంటాడు. వాడపల్లి వెంకన్న దగ్గరకైతే ఏ కోరిక ఉన్నవారైనా ఏడు శనివారాలు వెళతారు. ఇది భక్తి కాదు, బేరమని అనేవారున్నారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నా ఆలోచన మారడానికి పాలకొల్లు క్షీరారామం, అక్కడి ఉపమన్యుని కథ కారణం.

పంచారామాలలో ఒకటైన ఈ క్షేత్రానికి ఆ పేరు ఒక పిల్లవాడి ఆకలి వల్ల వచ్చిందని స్థలపురాణం చెబుతుంది. ఉపమన్యుని కథ మహాభారతంలో అనుశాసన పర్వంలో ఉంది. అతడు ఒకసారి బంధువుల ఇంట ఆవుపాలు రుచి చూశాడు. ఆశ్రమానికి తిరిగి వచ్చి అమ్మను పాలు అడిగాడు. ఆ ఇంట ఆవు లేదు. తల్లి పిండిని నీళ్ళలో కలిపి, పాలని చెప్పి ఇచ్చింది. పిల్లవాడు ఒక్క గుక్కలోనే ఇవి పాలు కావని గుర్తుపట్టాడు. అప్పుడామె దాచకుండా, అడవిలో ఉండే మనకు పాలెక్కడివి నాయనా, శివుని అనుగ్రహం ఉంటే తప్ప దొరకవని చెప్పింది. అతని తపస్సు అక్కడ మొదలైంది.

ఈ కోరిక పుట్టిన తీరును చూడాలి. ఎదుటివారి ఇంట్లో ఉన్నది మన ఇంట్లో లేదన్న బాధలోంచే అది పుట్టింది. పక్కింటి అబ్బాయికి సీటు వచ్చింది, మా వాడికీ రావాలని మనం మొక్కుకునే మొక్కుకు, ఉపమన్యుని పాల కోరికకు మూలం ఒకటే. పురాణం ఆ మూలాన్ని చిన్నచూపు చూడలేదు, దాని మీదనే ఒక మహాక్షేత్రాన్ని నిలబెట్టింది. గీతలో భగవానుడు తనను సేవించేవారు నాలుగు విధాలని చెబుతూ, ‘ఆర్తో జిజ్ఞాసురర్థార్థీ జ్ఞానీ చ’ అంటాడు. కష్టంలో ఉన్నవాడిని మొదట చెప్పాడు, ధనం కోరేవాడిని జ్ఞాని పక్కనే కూర్చోబెట్టాడు. జ్ఞాని తనకు ఆత్మవంటివాడని తరువాత అన్నా, దానికి ముందు ‘ఉదారాః సర్వ ఏవైతే’, వీరందరూ ఉదారులే అన్నాడు. అడగడానికి వచ్చినవాడు ఉదారుడు ఎలా అవుతాడన్నది నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న.

శివుడు ఇంద్రుని రూపంలో వచ్చి వరం కోరుకోమన్నప్పుడు ఉపమన్యుడు ఒప్పుకోలేదు. శివాజ్ఞ అయితే పురుగుగా పుట్టడానికైనా సిద్ధమే కాని ఇంద్రుడిచ్చే రాజ్యం తనకు వద్దన్నాడు. చివరకు నిజరూపంలో ప్రత్యక్షమైన శివుణ్ణి తరగని భక్తిని, భూతభవిష్యత్తుల జ్ఞానాన్ని అడిగాడు. వాటితోపాటు పాలన్నం కూడా అడిగాడు. అంత తపస్సు చేసినా ఆ చిన్ననాటి కోరిక పోలేదు. అయితే దానికి ‘సహ బాంధవైః’, బంధువులతో కలిసి తినేలా, అన్న మాట చేరింది. ఒక్కడి ఆకలిగా మొదలైనది పంక్తి భోజనమైంది. మనం రోజూ వినే సంకల్పంలో ‘అస్మాకం సహకుటుంబానాం’ అన్నప్పుడల్లా నాకు ఈ పాలన్నమే గుర్తుకు వస్తుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక ఈ నేల అన్నానికి ప్రసిద్ధి పొందింది. పాలన్నం అడగవలసిన అవసరం చాలా ఇళ్ళలో లేదు. కోరికలు ఉద్యోగాల వైపు, వీసాల వైపు, ఆస్పత్రుల వైపు మళ్ళాయి.

మా నాన్నగారు కోలుకోవాలని నేను మొక్కుకున్న మొక్కు తీరలేదు. ఆయన సంవత్సరీకం అయ్యాక వచ్చిన కార్తికంలో, ఒక సోమవారం తెల్లవారుజామున క్షీరారామానికి వెళ్ళాను. వరుసలో నా ముందు ఒక పెద్దావిడ చిన్న ఇత్తడి చెంబులో పాలు తెచ్చి, తొణకకుండా పైన అరటాకు ముక్క కప్పి పట్టుకుంది. అర్చకులు గోత్రనామాలు అడగగానే కూతురు, అల్లుడు, ఇద్దరు మనవలు, కువైట్‌లో ఉన్న కొడుకు, కోడలు అని వరుసగా చెప్పింది.

‘‘మీ పేరు చెప్పలేదమ్మా.’’

‘‘నా పేరెందుకండి, ఆళ్ళు బాగుంటే చాలండి.’’

రెండడుగులు పక్కకు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

‘‘మా గేదె చూడితో ఉందండి. దాన్నీ కాస్త తలుచుకోండి బాబూ.’’

అర్చకులు నవ్వలేదు. చెంబు అందుకుని, పాడిపంటలు వృద్ధి కావాలని చెప్పి, ఆ పాలు అభిషేకానికి ఇచ్చారు. ఉదారులన్న మాటకు అర్థం నాకు ఆ క్షణంలో తెలిసింది.

తరువాత నా వంతు వచ్చింది. గోత్రం చెప్పాక నోటికి మొదట నాన్నగారి పేరే వచ్చింది. సగంలో ఆగిపోయాను. అర్చకులు తొందరపెట్టలేదు. కాసేపటికి అమ్మ పేరు, తమ్ముడి పేరు, పిల్లల పేర్లు చెప్పాను. అడగడానికి ఏమీ లేదనుకుని వెళ్ళినవాడిని, అన్ని పేర్లు చెప్పి బయటకు వచ్చాను.

ధ్వజస్తంభం దగ్గర ఆ పెద్దావిడ కూర్చుని ఉంది. ప్రసాదంగా ఇచ్చిన కొబ్బరిచెక్కను, అరటిపండును తినకుండా చీర కొంగున ముడి వేసుకుని, ముడి బిగిసిందో లేదో చేత్తో తడిమి చూసుకుని, బస్సు వేళైందని లేచి వెళ్ళింది.